డాడ్జర్స్ ఓనర్ మారిన కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

లాస్ ఏంజెలెస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు మొదట ఆఫీసులో ఇక్కడి బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ నీలం టోపీలు చూస్తారు. కొన్నాళ్ళకి వాళ్ళూ ఒకటి కొనుక్కుంటారు. తర్వాత ఎప్పుడో లంచ్ టైములో జట్టు పాత ఓనర్ ఫ్రాంక్ మెకోర్ట్ పేరు వినబడుతుంది. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి మొహం ఒక్కసారిగా మాడిపోతుంది. సరిగ్గా ఆ రోజు సాయంత్రమే నాకు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్లలో పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి.

ఈ ఊరికి డాడ్జర్స్ అంటే అంత పిచ్చి ఎందుకు?

నిజానికి ఈ జట్టు ఇక్కడ పుట్టలేదు. పుట్టింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. 1957 సీజన్ అయ్యాక వాల్టర్ ఓమాలీ అనే ఓనర్ మూటాముల్లె సర్దుకుని జట్టును ఇక్కడికి తెచ్చేశాడు. బ్రూక్లిన్ పాతకాపులు ఇప్పటికీ ఆయన్ని తిడతారు. ఓనర్ తలుచుకుంటే జట్టు ఊరే మారిపోతుందన్న భయం బేస్‌బాల్ అభిమానులకు అప్పటినుంచీ ఉంది.

1962లో ఛావెజ్ రవీన్ అనే కొండప్రాంతంలో స్టేడియం తెరిచారు. అక్కడ అంతకుముందు మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు ఉండేవి. ప్రభుత్వ ఇళ్ళు కడతామని వాళ్ళను ఖాళీ చేయించారు, ఆ ఇళ్ళు కట్టలేదు, చివరికి స్థలం బేస్‌బాల్‌కి పోయింది. కదలమని కూర్చున్న ఆఖరి కుటుంబాలను 1959లో షెరీఫ్ మనుషులు ఎత్తి బయటికి మోసుకొచ్చారు. ఆ కోపం చాలా ఇళ్ళల్లో ఏళ్ళతరబడి పోలేదు. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెంజ్వేలా అనే ఇరవయ్యేళ్ళ పిచ్చర్ (బంతి విసిరేవాడు) చెలరేగాకే ఆ ఇళ్ళవాళ్ళు చాలామంది స్టేడియం మెట్లెక్కారు. కాబట్టి ఇక్కడ జట్టు మీద ప్రేమ, జట్టు నడిపేవాళ్ళ మీద కోపం ఒకే ఇంట్లో ఉండడం కొత్తేమీ కాదు.

మెకోర్ట్ చేతికి జట్టు ఎలా వచ్చింది?

ఓమాలీ కుటుంబం 1998లో జట్టును రూపర్ట్ మర్డోక్ కంపెనీకి అమ్మింది. ఆ కంపెనీకి కావలసింది బేస్‌బాల్ కాదు, టీవీ. పని అయిపోయాక 2004లో మెకోర్ట్‌కి సుమారు 43 కోట్ల డాలర్లకు అమ్మేసింది.

మెకోర్ట్ బోస్టన్ మనిషి. అక్కడ రేవు పక్కన ఆయనకున్న పార్కింగ్ స్థలాలే పెద్ద ఆస్తి. వాటినే తాకట్టు పెట్టాడు. జట్టుకు పెట్టిన డబ్బులో చాలా భాగం అప్పే, అందులోనూ కొంత అమ్మినవాళ్ళే ఇచ్చిన అప్పు. మన ఊళ్ళల్లో ఇలాంటి బేరాన్ని ఏమంటారో మీకు తెలుసు.

మరి మొదట్లో ఎవరూ నోరెత్తలేదా?

ఎత్తినవాళ్ళున్నారు. కానీ జట్టు గెలుస్తోంది. 2004, 2006, 2008, 2009 సీజన్లలో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. 2008 మధ్యలో మానీ రమిరెజ్ వచ్చి బాదిన బాదుడుకి ఊరు ఊగిపోయింది. 2007లోనైతే 38 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. గెలుస్తున్నంతకాలం ఓనర్ అప్పుల గురించి అభిమాని ఆలోచించడు. ఆలోచించాలని కూడా నేననను, టికెట్ కొన్నది బ్యాలెన్స్ షీట్ చదవడానికి కాదు కదా.

మొగుడూ పెళ్ళాల గొడవకి జట్టు బజారున పడడమేంటి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

ఫ్రాంక్ భార్య జేమీ లాయరు. జట్టు కంపెనీకి సీఈఓ కూడా ఆవిడే. 2009 అక్టోబర్‌లో, సరిగ్గా ప్లేఆఫ్స్ మధ్యలో, ఇద్దరూ విడిపోతున్నట్టు బయటికొచ్చింది. ఫిలడెల్ఫియా చేతిలో జట్టు ఓడి ఇంటిముఖం పట్టగానే ఫ్రాంక్ ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాడు.

ఇక జట్టు ఎవరిది? వ్యాపారంలో అప్పులవాళ్ళు మీదపడితే ఇల్లయినా మిగలాలని ఇళ్ళు భార్య పేరున, వ్యాపారాలు భర్త పేరున పెట్టుకోవడం వాళ్ళకు అలవాటు. (ఈ తెలివి మనకు కొత్త కాదు. మా బంధువుల్లోనే నలుగురున్నారు.) అదే పద్ధతిలో 2004లో ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆరు ప్రతుల మీద సంతకాలయ్యాయి. అసలు తమాషా తర్వాత బయటపడింది: ఫ్రాంక్ సొంత ఆస్తుల జాబితాలో డాడ్జర్స్ కూడా ఉన్నట్టు మూడు ప్రతులు చెబుతున్నాయి, డాడ్జర్స్ తప్ప మిగతావని ఇంకో మూడు చెబుతున్నాయి. తేడా ఒక్క మాట. ఆ ఒక్క మాట మీద వేలకోట్ల రూపాయల ఆస్తి వేలాడింది.

2010 డిసెంబర్‌లో జడ్జి ఆ ఒప్పందం చెల్లదన్నాడు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తిలో ఇద్దరికీ సమాన హక్కు. అంటే జట్టులో సగం తనదని జేమీ అడగడానికి దారి దొరికినట్టే. ఆఖరికి 2011 అక్టోబర్‌లో 13 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

అభిమానులను మండించింది మాత్రం విడాకులు కాదు. విడాకులు ఏ ఇంట్లోనైనా అవుతాయి. కోర్టు కాగితాల్లోంచి ఊడిపడ్డ సంసారం లెక్కలు మండించాయి. హోంబీ హిల్స్‌లో పక్కపక్కనే రెండు ఇళ్ళు, మాలిబు సముద్రం ఒడ్డున ఇంకో రెండు. జట్టుకు మంచి పిచ్చర్ని కొనమంటే డబ్బుల్లేవని అనిపించుకున్న జనానికి ఇది ఎలా ఉంటుంది? జట్టు సొమ్ములోంచి మెకోర్ట్ 18.9 కోట్ల డాలర్లు దోచుకున్నాడని తర్వాత లీగే (జట్లన్నీ ఆడే మేజర్ లీగ్ బేస్‌బాల్) దివాలా కోర్టులో ఆరోపించింది. ఆయన తరఫువాళ్ళు కాదన్నారు. కోర్టు తేల్చేలోపే రాజీ అయిపోయింది.

రష్యా నుంచి వచ్చిన ఆయన సంగతి నిజమేనా?

బోస్టన్ దగ్గర ఇంట్లో కూర్చుని టీవీలో మ్యాచ్ చూస్తూ జట్టుకు మంచి ఆలోచనలు పంపడానికి రష్యాలో పుట్టిన ఒక పెద్దాయనకు మెకోర్ట్ దంపతులు డబ్బిచ్చారని 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసింది. ఊరంతా పగలబడి నవ్వింది. సినిమా ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టే ఊరినుంచి వచ్చినవాణ్ణి, నేను మరీ అంత నవ్వలేదు.

2011లో అసలేం జరిగింది?

మార్చి 31, సీజన్ మొదటి మ్యాచ్. ఆట అయ్యాక పార్కింగ్ స్థలంలో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమానిని ఇద్దరు చావబాదారు. మెదడుకు దెబ్బ తగిలి ఆయన బతుకే మారిపోయింది. ఆయన పారామెడిక్, ఇద్దరు పిల్లల తండ్రి. 2014లో జ్యూరీ జట్టు సంస్థది నిర్లక్ష్యమని తేల్చింది, మెకోర్ట్‌కు వ్యక్తిగతంగా బాధ్యత లేదంది. అప్పులూ విడాకులూ అప్పటిదాకా పేపర్లో చదివి తిట్టుకునే విషయాలు. ఆ రాత్రి తర్వాత పిల్లల్ని మ్యాచ్‌కి తీసుకెళ్ళాలా వద్దా అనేది ఇంటి విషయమైంది.

ఏప్రిల్‌లో జీతాల కోసం మర్డోక్ టీవీ కంపెనీ ఫాక్స్ దగ్గర 3 కోట్ల డాలర్లు చేబదులు తెచ్చారు. అదే నెల 20న లీగ్ కమిషనర్ బడ్ సీలిగ్, జట్టు రోజువారీ వ్యవహారాలు ఇక మా మనిషి చూస్తాడన్నాడు. ఫాక్స్‌తో పెద్ద టీవీ ఒప్పందం చేసుకుని గట్టెక్కుదామని మెకోర్ట్ చూశాడు. ముందుగా చేతికొచ్చే డబ్బులో పెద్ద భాగం ఆయన సొంతానికీ విడాకులకూ పోతుందని సీలిగ్ జూన్ 20న దాన్ని కొట్టేశాడు. వారం తిరిగేసరికి, 27న, డాడ్జర్స్ డెలావేర్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది.

జట్టు ఎవరెవరికి బాకీ ఉందో ఆ జాబితా పేపర్లో పడింది. మొదటి పేరు మానీ రమిరెజ్, సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్లు. అప్పటికి ఆయన జట్టులోనే లేడు. కిందికి చదువుకుంటూ పోతే విన్ స్కల్లీ పేరుంది, లక్షన్నర డాలర్లకు పైగా. స్కల్లీ 1950 నుంచీ ఈ జట్టు కామెంటేటర్. బ్రూక్లిన్ నుంచి జట్టుతోపాటు వచ్చిన గొంతు. ఈ ఊళ్ళో చాలామందికి ఆ గొంతు ఇంట్లో పెద్దాయన గొంతులాంటిది. ఆయనకే బాకీ పడ్డారా అన్న మాట ఆ వారం ఎన్నిచోట్ల విన్నానో లెక్కలేదు.

అభిమానులు ఏం చేశారు?

రాలేదు. అంతే.

2010లో 35 లక్షల 60 వేల టికెట్లు అమ్ముడైతే, 2011లో 29 లక్షల 40 వేలకు కాస్త తక్కువ. 2000 సంవత్సరం తర్వాత 30 లక్షల కిందికి పోవడం అదే మొదటిసారి. పైగా ఇవి అమ్మిన టికెట్ల లెక్కలు, గేటు దాటిన మనుషుల లెక్కలు కావు. కొన్న టికెట్ ఇంట్లోనే పడేసి రానివాళ్ళు ఎంతమందో! ఆ ఏడు పై అంతస్తులో కూర్చుంటే కింద ఎవరో ఒక్కడు వేసిన కేక ఎదురుగా తగిలి తిరిగొచ్చేది. వరసలకు వరసలు ఖాళీ పసుపు కుర్చీలు.

బాధ ఏంటంటే, ఆ ఖాళీ కుర్చీల ముందు ఆడుతున్నవాళ్ళు మామూలువాళ్ళు కారు. క్లేటన్ కెర్షా 21 మ్యాచ్‌లు గెలిచి మొదటిసారి సై యంగ్ అవార్డు (ఏడాదిలో మేటి పిచ్చర్‌కిచ్చేది) అందుకున్నది ఆ ఏడే. మాట్ కెంప్ 39 హోమ్ రన్లు కొట్టాడు, 40 బేస్‌లు దొంగిలించాడు (బ్యాటర్ బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడాన్ని అలా అంటారు). ఓనర్ మీద కోపంతో స్టేడియానికి పోకపోతే ఇరవై మూడేళ్ళ కెర్షాని చూడలేం. కెర్షా కోసం పోతే పార్కింగ్‌కి పదిహేను డాలర్లు మెకోర్ట్ గల్లాపెట్టెలో పడతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మా పక్కింటాయన ఒక దారి కనిపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి, ఫెర్నాండో రోజులనుంచీ అభిమాని. ఆ ఓనర్ ఉన్నన్నాళ్ళూ గేటు దాటనని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ రోజూ రాత్రి ఏడింటికల్లా గ్యారేజీ తలుపు పైకెత్తి, మడత కుర్చీ వేసుకుని, రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. ఒళ్ళో స్కోర్ కార్డు, చెవిమీద పెన్సిల్. ప్రతి బంతీ రాసేవాడు. కెర్షా స్ట్రైక్ అవుట్ చేసినప్పుడల్లా ఆ పెన్సిల్ కాస్త గట్టిగా నొక్కేవాడు, వెనకపేజీ మీద కూడా అచ్చు పడేది. కోపమూ ప్రేమా రెండూ ఒకే మనిషిలో ఎలా సర్దుకుంటాయో నాకు అక్కడే అర్థమైంది.

వేరే జట్టుకు మారిపోవచ్చు కదా?

గంట దూరంలో అనహైమ్‌లో ఏంజెల్స్ ఉంది. ఎవరూ మారలేదు. మీ ఊరి ఎమ్మెల్యే బాగాలేడని మీరు ఊరు మార్చుకుంటారా?

బాయ్‌కాట్ పనిచేసిందా?

నా ఉద్దేశంలో సగం. ఓనర్ని పీకే ఓటు అభిమానికి లేదు. లీగ్‌లో 30 జట్లు, జట్టు చేతులు మారాలంటే ఓనర్లలో నాలుగింట మూడొంతులమంది ఒప్పుకోవాలి. అంటే ఓనర్ల క్లబ్బులో ఓనర్లే ఓటర్లు. కానీ ఖాళీ కుర్చీలు టీవీలో కనిపిస్తాయి, ఎదుటి జట్ల ఓనర్లు చూస్తారు. పెద్ద మార్కెట్లో ఉన్న జట్టు పరువు పోతే అందరి సొమ్ముకీ నష్టమని వాళ్ళకు భయం పట్టుకుంది. 2011 నవంబర్ 1న జట్టును అమ్మడానికి మెకోర్ట్ ఒప్పుకున్నాడు.

మిగతా సగం చేదు. అభిమానులు వెళ్ళగొట్టామనుకున్న మనిషి జేబు నింపుకునే వెళ్ళాడు. ఎలాగో కింద చెప్తాను.

43 కోట్లకు కొన్నది 200 కోట్లకు ఎలా అమ్ముడైంది?

2012 మార్చి 27న గుగ్గెన్‌హైమ్ అనే పెట్టుబడుల గ్రూపు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించారు. అసలు పెట్టుబడి మనిషి మార్క్ వాల్టర్, జనానికి కనిపించే మొహం బాస్కెట్‌బాల్ దేవుడు మ్యాజిక్ జాన్సన్. మ్యాజిక్ వాటా చిన్నదే. కానీ ఆయన నవ్వు చూడగానే ఊరికి ప్రాణం లేచొచ్చింది, ఆ నవ్వు విలువ కొన్నవాళ్ళకు బాగా తెలుసు. అంతకుముందు బేస్‌బాల్‌లో రికార్డు 2009లో షికాగో కబ్స్‌ది, 84.5 కోట్లు. దానికి రెట్టింపు దాటింది. ఆఖరిదాకా పోటీలో ఉన్న స్టీవ్ కోహెన్ 2020లో న్యూయార్క్ మెట్స్‌ని కొనుక్కున్నాడు.

ఆ 200 కోట్లు దేనికి? స్టేడియం అప్పటికే యాభై ఏళ్ళ పాతది. ఆటగాళ్ళ కాంట్రాక్టులు ఖర్చే తప్ప ఆస్తి కాదు. పాత టీవీ ఒప్పందం 2013తో అయిపోతోంది, కొత్తది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు పండగ. ఏడాది తిరక్కుండానే టైమ్ వార్నర్ కేబుల్‌తో 25 ఏళ్ళకు 835 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. కేబుల్ కంపెనీ అంత ఎందుకిస్తుంది? జట్టు ఓడినా, ఓనర్ దివాలా తీసినా, మా పక్కింటాయనలాంటివాళ్ళు రాత్రి ఏడింటికి కుర్చీ వేసుకుంటారని తెలుసు కనుక. అమ్మకానికి పెట్టిన సరుకు ఆ అలవాటే. అభిమానులు మనసు విరిగి నిజంగా వదిలేసి ఉంటే జట్టు ధర పడిపోయేది. వదల్లేదు కాబట్టే ధర పెరిగింది, ఆ డబ్బు వాళ్ళకు గిట్టని మనిషికే చేరింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పార్కింగ్ సంగతేమిటి? ఇప్పటికీ దాని మీద జోకులు వింటాం.

స్టేడియం చుట్టూ ఉన్న పార్కింగ్ నేల మెకోర్ట్ పూర్తిగా వదల్లేదు. మరో 15 కోట్ల డాలర్లతో కొత్త ఓనర్లు, మెకోర్ట్ కంపెనీలు కలిసి దానికో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. ఆ వార్త రాగానే, నేను కట్టే పార్కింగ్ ఫీజులో ఆయనకి పైసా పోకూడదని జనం గొడవ పెట్టారు. పోదని కొత్తవాళ్ళు చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటి పార్కింగ్‌ని 15 డాలర్లనుంచి 10కి దించడం. అయిదు డాలర్లతో అంత మంచిపేరు ఇంకెక్కడా కొనలేరు.

కొత్త ఓనర్లు వచ్చాక అన్నీ చక్కబడ్డాయా?

ఆటపరంగా, అవును. 2012 ఆగస్టులోనే బోస్టన్ నుంచి ఏడ్రియన్ గొంజాలెజ్ సహా నలుగురిని తెచ్చారు. 2013నుంచి వరసగా ఎనిమిదేళ్ళు డివిజన్ టైటిల్, అంటే తమ గ్రూపులో మొదటి స్థానం. 2013లో టికెట్లు మళ్ళీ 37 లక్షలు దాటాయి.

టీవీపరంగా, దిక్కుమాలిన అయిదారేళ్ళు. పైన చెప్పిన 835 కోట్లు రాబట్టాలంటే కేబుల్ కంపెనీ ఆ ఛానల్‌ని మిగతా కేబుల్, డిష్ కంపెనీలకు అమ్మాలి. ఒక్కో ఇంటికి నెలకు సుమారు 5 డాలర్లు అడిగింది. వాళ్ళు పోపొమ్మన్నారు. 2014 నుంచి ఊళ్ళో ఎక్కువ ఇళ్ళకు సొంత ఊరి జట్టు ఆట రాలేదు. స్కల్లీ ఆఖరి సీజన్లు అవే, 2016లో రిటైరయ్యాడు. ఆయన మ్యాచ్ మొత్తం టీవీలో చెప్పేవాడు, రేడియోలో మొదటి మూడు ఇన్నింగ్సే వచ్చేవి. నాలుగో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి పక్కింటి గ్యారేజీలో గొంతు మారిపోయేది. పక్కింటాయన రేడియో శబ్దం కాస్త తగ్గించేవాడు.

మెకోర్ట్‌ని తిట్టినంతగా దీనికి కొత్త ఓనర్ మార్క్ వాల్టర్‌ని ఎవరూ తిట్టలేదు. జట్టు గెలుస్తోంది కదా!

2020 ఏప్రిల్‌లో డిష్ కంపెనీ డైరెక్‌టీవీతో ఒప్పందం కుదిరి ఆట ఇళ్ళల్లోకి వచ్చింది. అప్పటికి కోవిడ్‌తో స్టేడియం గేట్లు మూసేశారు. 32 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచింది ఆ ఏడే, అదీ టెక్సస్‌లో. తర్వాత 2024, 2025ల్లో మళ్ళీ గెలిచింది. 2025లో టికెట్లు తొలిసారి 40 లక్షలు దాటాయి.

మన డెక్కన్ ఛార్జర్స్ కథ ఇలాంటిదేనా?

అదే ఏడాది, 2012. అక్కడా ఓనర్ అప్పులపాలు. కానీ ముగింపు వేరు. సెప్టెంబర్‌లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది, అక్టోబర్‌లో హైదరాబాద్ జట్టు హక్కులు ఏడాదికి 85 కోట్ల రూపాయల లెక్కన సన్ టీవీకి వెళ్ళాయి, పేరు సన్‌రైజర్స్ అయింది. స్టెయిన్, ధావన్ లాంటివాళ్ళు కొత్త జెర్సీలో కనిపించారు కానీ, గిల్‌క్రిస్ట్ 2009లో ఎత్తిన కప్పు ఎవరి ఖాతాలోనూ లేకుండా పోయింది. డాడ్జర్స్‌కి ఓనర్ మారినా పేరు, రంగు, స్కల్లీ అన్నీ ఉన్నాయి. ఉప్పల్లో ఛార్జర్స్ జెండా ఊపినవాళ్ళకు ఆ జెండా ఏం చేసుకోవాలో కూడా తెలియలేదు.

ఇప్పుడు వేరే ఊళ్ళల్లో ఇలాంటి గొడవలున్నాయా?

బోలెడు. ఏంజెల్స్ ఓనర్ ఆర్టే మొరేనో 2022 ఆగస్టులో అమ్ముతానన్నాడు, 2023 జనవరిలో అమ్మనన్నాడు. మిన్నెసోటా ట్విన్స్‌ని పోలాడ్ కుటుంబం 2024 అక్టోబర్‌లో బేరానికి పెట్టి, 2025 ఆగస్టులో మేమే ఉంచుకుంటున్నామంది. దానికి కొద్దిరోజుల ముందే జట్టులో పెద్ద భాగాన్ని ఇతర జట్లకు ఇచ్చేసింది. పెళ్ళి కుదిరిందని చెప్పి, నగలు అమ్మేసి, పెళ్ళి లేదన్నట్టు.

అందరికంటే ఓక్లండ్ వాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జనం రావట్లేదు కాబట్టి జట్టును లాస్ వేగస్ తీసుకుపోతానన్నాడు ఓనర్ జాన్ ఫిషర్. 2023 జూన్ 13న అభిమానులు తిరగబడ్డ తీరే వేరు: మానేయకుండా, అందరం ఒకేసారి వద్దామనుకున్నారు. ఓ మామూలు మంగళవారం రాత్రి 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ చొక్కాలమీద ఒకే మాట, 'అమ్మెయ్'. ఆ రాత్రి జట్టు గెలిచింది కూడా. ఫిషర్ అమ్మలేదు. 2024 సెప్టెంబర్ 26న అక్కడ ఆఖరి మ్యాచ్ అయిపోయింది.

మెకోర్ట్ ఇప్పుడెక్కడ?

2016లో ఫ్రాన్స్‌లో మార్సెయ్ ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నాడు. ఆ ఊరి అభిమానుల ముందు మా ఊరివాళ్ళు మెతకవాళ్ళే.

మ్యాచ్‌కి వెళ్ళాలంటే కారు తప్పదా?

అక్కర్లేదు. డౌన్‌టౌన్ యూనియన్ స్టేషన్ నుంచి మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్ళకు ఉచిత బస్సు ఉంది, హాయిగా ఎక్కండి. అదే స్టేషన్ నుంచి స్టేడియందాకా గాల్లో తీగలమీద నడిచే గొండోలా వేయాలని కూడా ఒక ప్రతిపాదన ఉంది. దారిలో ఉన్న చైనాటౌన్ వాళ్ళు చాలామంది వద్దంటున్నారు. 2018లో దాన్ని ముందుకు తెచ్చింది మెకోర్ట్ కంపెనీయే. ఈ సంగతి పక్కింటాయనకు చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెన్సిల్ చెవిమీద పెట్టుకుని, బస్సే నయం అన్నాడు.